ఒక ల్యాప్‌టాప్, రెండు గ్రాఫిక్స్ కార్డులు: లినక్స్‌లో గీసేది ఎవరు, తెరకు పంపేది ఎవరు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా చాలామంది తమ పాత మెషీన్లలో ఉబుంటూ, మింట్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు (డిస్ట్రోలు) వేసుకున్నారు. వాళ్లలో గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు కొద్దిరోజుల్లోనే కొన్ని సందేహాలు మొదలవుతాయి. అంత డబ్బు పోసి కొన్న ఎన్‌విడియా కార్డు లోపల ఉండగా గేమ్ ఎందుకు నత్తనడక నడుస్తోంది? ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా ఫ్యాన్ ఎందుకు మోగుతోంది? ల్యాప్‌టాప్ తెరపై బాగానే ఆడిన గేమ్, పెద్ద మానిటర్ తగిలించగానే ఎందుకు తడబడుతోంది?

మూడింటికీ వినిపించే జవాబు ఒకటే: "లినక్స్ నా కార్డును గుర్తించలేదు." చాలాసార్లు అది నిజం కాదు. కార్డును లినక్స్ చూసింది. కానీ ఆ ల్యాప్‌టాప్‌లో రెండు కార్డులున్నాయి, వాటి మధ్య పని ఎలా పంచాలన్నది విండోస్‌లో కంటే ఇక్కడ మనకు ఎక్కువగా కనబడుతుంది. ఆ పంపకం అర్థమైతే పై మూడు ప్రశ్నలూ వాటంతటవే విడిపోతాయి.

## ముందుగా, ఏ కార్డు ఎక్కడ ఉంటుంది

ప్రాసెసర్ చిప్‌లోనే కలిసి ఉండేది ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. కరెంటు తక్కువ తాగుతుంది. డెడికేటెడ్ లేదా డిస్క్రీట్ అని పిలిచే విడి కార్డు మదర్‌బోర్డు మీద వేరే చిప్‌గా ఉంటుంది. దానికి వీర్యామ్ అనే సొంత మెమరీ, సొంత ఆకలి. ఇక మూడోది ఈజీపీయూ. డెస్క్‌టాప్ కార్డునే ఒక పెట్టెలో పెట్టి థండర్‌బోల్ట్, యూఎస్‌బీ4 లేదా ఆక్యులింక్ కేబుల్‌తో బయటినుంచి తగిలించేది.

లినక్స్ కెర్నల్‌కు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే దాని గుండెకాయకు, ఈ మూడూ పీసీఐ అనే దారికి కలిసిన పరికరాలే. ప్రతి కార్డుకూ సాధారణంగా రెండేసి ఫైళ్లు సృష్టిస్తుంది. ఒకటి కార్డు0, కార్డు1 లాంటి పేరుతో, రెండోది రెండర్‌డీ128, రెండర్‌డీ129 లాంటి పేరుతో. మొదటి రకం ఫైలు మానిటర్లను నడపడానికి. రెండో రకం బొమ్మ గీయించుకోవడానికి మాత్రమే. 2014లో వచ్చిన 3.17 కెర్నల్ నుంచి ఈ రెండో రకం డిఫాల్ట్‌గా ఉంటోంది. అంకెలు చూసి సున్నా అంటే ఇంటెల్, ఒకటి అంటే ఎన్‌విడియా అనుకోవద్దు. ఏ డ్రైవర్ ముందు లేస్తే దానికి ముందు అంకె, అంతే.

## గీయడం ఒక పని, తెరకు పంపడం ఇంకో పని

ఒక్కటే కార్డు ఉన్న కంప్యూటర్‌లో ఈ తేడా బయటపడదు. కార్డు బొమ్మను గీస్తుంది, అదే కార్డు వెనకున్న హెచ్‌డీఎంఐ పోర్టులోంచి మానిటర్‌కు పంపుతుంది. రెండు కార్డులు చేరేసరికి ఈ రెండు పనులూ విడిపోవచ్చు.

చాలా ల్యాప్‌టాప్‌లలో తెర తీగ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కే కలిపి ఉంటుంది. విడి కార్డుకు ఆ తెరతో నేరుగా సంబంధమే లేదు. విడి కార్డు గేమ్ ఫ్రేమ్ గీశాక, ఆ ఫ్రేమ్ ర్యామ్‌లోకి కాపీ కావాలి. అక్కడినుంచి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ దాన్ని తెరకు పంపుతుంది.

ఈ కాపీ ఖర్చెంతో లెక్కేద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080, అంటే 20,73,600 పిక్సెళ్లు. పిక్సెల్‌కు 4 బైట్లు అనుకుంటే ఒక్క ఫ్రేమ్ దాదాపు 8.3 ఎంబీ. సెకనుకు 60 ఫ్రేములైతే అర జీబీ. 144 ఫ్రేములైతే 1.2 జీబీ. పీసీఐ 4.0లో 8 లేన్లతో (డేటా దారులతో) కలిపిన ల్యాప్‌టాప్ కార్డుకు ఒక్కో దిశలో సెకనుకు 15 జీబీ పైనే దారి ఉంటుంది. దాని ముందు 1.2 జీబీ పెద్ద భారం కాదు. అందుకే ల్యాప్‌టాప్ తెరపై ఆడేటప్పుడు కాపీ వల్ల పోయేది సాధారణంగా కొద్దిగానే ఉంటుంది.

ఇప్పుడు పెద్ద మానిటర్ సంగతి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు తరచుగా విడి కార్డుకే కలిపి ఉంటుంది. డెస్క్‌టాప్ మొత్తాన్నీ కూర్చి చూపించే కంపోజిటర్, అంటే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో మటర్, కేడీఈ అనే డెస్క్‌టాప్‌లో కేవిన్, ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద నడుస్తూ ఉంటుంది. అప్పుడు ప్రయాణం ఇలా సాగవచ్చు. గేమ్‌ను విడి కార్డు గీసింది. ఫ్రేమ్ ఇంటిగ్రేటెడ్ వైపు వెళ్లి, మిగతా కిటికీలతో కలిసింది. కలిసిన బొమ్మ మళ్లీ విడి కార్డుకు వచ్చింది, ఎందుకంటే మానిటర్ దాని పోర్టుకే ఉంది. 2560 × 1440 మానిటర్‌లో 144 ఫ్రేములంటే వెళ్లడానికి 2.1 జీబీ, రావడానికి మరో 2.1 జీబీ. బ్యాండ్‌విడ్త్ చాలినా, ప్రతి మజిలీలో ఒక కార్డు ఇంకోదాని కోసం ఆగాలి. ఆ ఆగడమే మనకు తడబాటుగా కనిపిస్తుంది. ఫుల్ స్క్రీన్‌లో ఈ మజిలీలను దాటవేయడానికి కంపోజిటర్లు ప్రయత్నిస్తాయి, అన్నిసార్లూ కుదరదు.

ఇక్కడ చాలామంది గేమ్ సెట్టింగులు తగ్గిస్తూ పోతారు. దానివల్ల విడి కార్డు పని తేలికవుతుందే తప్ప దారి మారదు. మారాల్సింది కంపోజిటర్ ఏ కార్డు మీద నడవాలన్నది.

## ఇంత గందరగోళం ఎలా వచ్చింది

2010లో ఎన్‌విడియా ఆప్టిమస్ తెచ్చింది. పని పడినప్పుడు విడి కార్డు లేవడం, లేనప్పుడు పడుకోవడం, గీసినదాన్ని ఇంటిగ్రేటెడ్ ద్వారా చూపించడం. ఆలోచన మంచిదే, కానీ మొదట్లో అది విండోస్‌కు మాత్రమే. లినక్స్‌లో ఆ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు విడి కార్డు ఉన్నా లేనట్టే.

2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా వైపు మధ్యవేలు చూపించి ఎన్‌విడియాను తిట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు. ఆ తిట్టుకు దారితీసిన ప్రశ్న ఆప్టిమస్ ల్యాప్‌టాప్ గురించే అన్నది అంతమందికి తెలియదు.

ఆ ఖాళీలో పుట్టింది బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు. తెరపై కిటికీలను చూపించే ప్రోగ్రామ్ ఎక్స్ సర్వర్. కంటికి కనబడని రెండో ఎక్స్ సర్వర్‌ను విడి కార్డు మీద నడిపి, గీసిన ఫ్రేములను మొదటి సర్వర్‌కు మోసుకొచ్చేది. మోటు పద్ధతే కానీ పనిచేసింది. 2011లో దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టులో ఒక పాత్ మధ్యలో పడిన ఒక్క ఖాళీ, మనుషుల కంప్యూటర్లలో ప్రోగ్రాములుండే యూఎస్ఆర్ ఫోల్డర్ మొత్తాన్నీ తుడిచేసింది. ప్రోగ్రామర్లు ఇప్పటికీ నవ్వుకుంటూ, కొంచెం భయపడుతూ చెప్పుకునే కథ అది.

అసలు పరిష్కారం కెర్నల్ వైపు నుంచి వచ్చింది. ఒక డ్రైవర్ మెమరీలోని బఫర్‌ను ఇంకో డ్రైవర్‌కు అందించే డీఎంఏ-బఫ్ 2012లో 3.3 కెర్నల్‌లో చేరింది. దాని మీద, ఒక కార్డు గీసినదాన్ని ఇంకో కార్డు ద్వారా చూపించే ప్రైమ్ అనే ఏర్పాటు నిలబడింది. ఇంటెల్, ఏఎండీ ఓపెన్ సోర్స్ డ్రైవర్లు దాన్ని వెంటనే అందిపుచ్చుకున్నాయి. ఎన్‌విడియా సొంత డ్రైవర్ ప్రోగ్రామ్‌వారీగా పని పంచే పద్ధతికి రావడానికి 2019 దాకా, 435 సిరీస్ దాకా పట్టింది. అంతవరకు ఉబుంటూ వాళ్లు కార్డు మార్చాలంటే లాగవుట్ అయి మళ్లీ లాగిన్ కావడమే. పాత ట్యుటోరియల్స్ చదివి ఇప్పటికీ బంబుల్‌బీ ఎక్కించుకుని చిక్కుల్లో పడేవాళ్లు కనిపిస్తుంటారు. ఇవాళ దాని అవసరం దాదాపు లేదు.

## ఏ ప్రోగ్రామ్ ఏ కార్డుకు వెళ్తుంది

డిఫాల్ట్‌గా చాలా డిస్ట్రోలలో డెస్క్‌టాప్, బ్రౌజర్, వీడియో అన్నీ ఇంటిగ్రేటెడ్ మీదే. ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి వాడే ప్రోగ్రామ్ విడి కార్డుకు వెళ్లాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. మీసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్లకైతే డీఆర్ఐ ప్రైమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ మొదలయ్యేముందు ఇచ్చే సెట్టింగ్), ఎన్‌విడియాకైతే దాని సొంత వేరియబుళ్లు. గ్నోమ్‌లో ఐకాన్‌పై రైట్ క్లిక్ చేస్తే వచ్చే "డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో తెరువు" అన్న ఆప్షన్ తెర వెనక చేసేది ఇవే వేరియబుళ్లు పెట్టడం.

వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతి కథ వేరు. వల్కన్ ప్రోగ్రామ్‌కు అన్ని కార్డుల జాబితా కనిపిస్తుంది, ఎంచుకోవడం దాని ఇష్టం. స్టీమ్‌లో ప్రోటాన్ ద్వారా నడిచే విండోస్ గేములు చాలావరకు వల్కన్‌లోకే మారతాయి కాబట్టి, విడి కార్డును తామే పట్టుకోవడం సహజం. ఒకే ల్యాప్‌టాప్‌లో ఒక గేమ్ బాగా ఆడి, ఇంకో పాత గేమ్ ఇంటెల్ మీద ఈడ్చుకుంటూ నడవడానికి తరచుగా ఇదే కారణం.

క్యూడా (ఎన్‌విడియా కార్డులతో లెక్కలు చేయించే ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్), బ్లెండర్‌లో బొమ్మలు తయారుచేసే సైకిల్స్ లాంటి లెక్కల పనులకు ఈ తంతు ఏదీ లేదు. అక్కడ తెరకు చేరాల్సిన ఫ్రేములే లేవు. ప్రోగ్రామ్ నేరుగా ఎన్‌విడియా డ్రైవర్‌ను అడుగుతుంది, జవాబు తీసుకుంటుంది.

సరే, కార్డు జాబితాలో కనిపిస్తోంది, కానీ ఎంత చెప్పినా పని అటు వెళ్లడం లేదు. అప్పుడు అనుమానించాల్సినవాటిలో మొదటిది సెక్యూర్ బూట్. ఎన్‌విడియా సొంత డ్రైవర్ మాడ్యూల్‌కు కెర్నల్ నమ్మే సంతకం లేకపోతే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు అది లోడే కాదు. పెద్ద గోల కూడా చేయదు, ఇంటిగ్రేటెడ్ మీద అంతా మామూలుగా నడుస్తుంది. రెండో అనుమానం నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్. జీటీఎక్స్ 900, 1000 తరాల కార్డుల్లో సంతకమున్న ఫర్మ్‌వేర్ లేక అది కార్డు వేగాన్ని పెంచలేదు. కార్డు పనిచేస్తుంది, కానీ బూట్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతుంది.

పరీక్షకు గ్లెక్స్‌గేర్స్ అనే తిరిగే పళ్లచక్రాల ప్రోగ్రామ్ నడిపి, రెండు కార్డులకూ 60 ఫ్రేములే వచ్చాయని బాధపడటం మరో పాత అలవాటు. అది తెర రిఫ్రెష్ రేటుకు కట్టుబడి తిరుగుతుంది. దాంతో కార్డు బలం తెలియదు.

## బ్యాటరీ: నిద్రపోయిందో లేదో చూడబోతే లేచి కూర్చునే కార్డు

విడి కార్డు పని లేనప్పుడు పూర్తిగా కరెంటు ఆపుకుని పడుకోవాలి. ఎన్‌విడియాలో ఈ నిద్ర ట్యూరింగ్ తరం, అంటే జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి డ్రైవరే చూసుకోగలుగుతోంది. మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ కూడా సహకరించాలి. అంతకుముందు తరాల్లో ఎన్‌విడియా సొంత డ్రైవర్ లోడై ఉంటే కార్డు ఎంతో కొంత తాగుతూనే ఉండేది.

దీన్ని పరీక్షించడంలో ఒక తమాషా ఉంది. ఎన్‌విడియా-ఎస్ఎంఐ అనే కమాండ్ నడిపి చూస్తే కార్డు ఎప్పుడూ మెలకువగానే కనబడుతుంది. ఎందుకంటే ఆ కమాండ్ కార్డును ప్రశ్న అడగాలి, అడగాలంటే లేపాలి. డెస్క్‌టాప్ మూలన కార్డు వేడిని చూపించే విడ్జెట్ పెట్టుకున్నవాళ్లు ప్రతి రెండు సెకన్లకూ దాన్ని లేపుతూ, బ్యాటరీ నిలవడం లేదని టెన్షన్ పడుతుంటారు. కెర్నల్ పరికరాల సంగతులు ఉంచే సిస్ఎఫ్ఎస్ ఫోల్డర్‌లో ఆ పరికరానికి ఉండే రన్‌టైమ్ స్టేటస్ ఫైలును చదివితే నిద్ర చెడకుండా సంగతి తెలుస్తుంది.

హెచ్‌డీఎంఐ విడి కార్డుకు కలిపి ఉన్న ల్యాప్‌టాప్‌లో మానిటర్ తగిలిస్తే మాత్రం ఆ కార్డు పడుకునే వీల్లేదు. ఉత్త బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్ మోగేది అందుకే.

## బయటి పెట్టె: కేబుల్ సన్నబడిన చోట లెక్క మారుతుంది

ఈజీపీయూకు కూడా పైన చెప్పిన సూత్రమే. కానీ దారి చాలా ఇరుకు. థండర్‌బోల్ట్ 3ని 40 గిగాబిట్లని అమ్ముతారు. అందులో పీసీఐ డేటాకు గరిష్ఠంగా 32 గిగాబిట్లు, అంటే 4 జీబీ. ఆచరణలో చేతికందేది సెకనుకు రెండున్నర, మూడు జీబీల మధ్య.

మళ్లీ లెక్క. బయటి కార్డు గీసిన 4కే ఫ్రేమ్ 33 ఎంబీ. సెకనుకు 60 చొప్పున ల్యాప్‌టాప్ తెరకు వెనక్కి పంపాలంటే 2 జీబీ. తిరుగు దారిలో చాలాభాగం దీనికే పోయింది. 144 ఫ్రేములంటే 4.8 జీబీ, ఆ కేబుల్‌లో పట్టదు. అదే మానిటర్‌ను పెట్టె వెనకున్న పోర్టుకే తగిలిస్తే వెనక్కి రావాల్సిన ఫ్రేములే ఉండవు, కంపోజిటర్ కూడా ఆ కార్డు మీదే నడిస్తే. ఈ చివరి షరతు ముఖ్యం. అది ఇంటిగ్రేటెడ్ మీదే ఉండిపోతే రానూపోనూ ప్రయాణం ఈ ఇరుకు దారిలోనే జరుగుతుంది.

ఆక్యులింక్ పీసీఐ 4.0లో 4 లేన్లతో దాదాపు 8 జీబీ ఇస్తుంది. థండర్‌బోల్ట్ 5 కూడా పీసీఐకి 64 గిగాబిట్ల దాకా తెరిచింది. ఆక్యులింక్‌లో తేడా ఏమిటంటే, కంప్యూటర్ ఆన్‌లో ఉండగా పీకడం, పెట్టడం కోసం దాన్ని చేయలేదు.

పీకడం అన్నది థండర్‌బోల్ట్‌లోనూ సుఖమైన వ్యవహారం కాదు. తగిలించడంలో అంత ఇబ్బంది లేదు. బోల్ట్ అనే సర్వీసు పరికరానికి అనుమతి అడుగుతుంది, ఇచ్చాక గుర్తుంచుకుంటుంది. థండర్‌బోల్ట్ పరికరం నేరుగా మెమరీని తాకగలదు కాబట్టి ఆ అనుమతి వృథా లాంఛనం కాదు. తీసేటప్పుడే సమస్య. ఏదైనా ప్రోగ్రామ్ ఆ కార్డును వాడుతుండగా కేబుల్ పీకితే సెషన్ మొత్తం కూలిపోవచ్చు. ఎన్‌విడియా డ్రైవర్ అందుకే ఎక్స్‌ఆర్గ్ అనే ఎక్స్ సర్వర్‌లో బయటి కార్డును డిఫాల్ట్‌గా పక్కన పెడుతుంది. వాడాలంటే కాన్ఫిగరేషన్‌లో "బయటి జీపీయూలకు అనుమతి" అన్న ఆప్షన్‌ను చేతితో రాయాలి. కొత్తవాళ్లకు ఇది బగ్‌లా కనిపిస్తుంది, నిజానికి తెలిసి పెట్టిన కంచె.

ఏఐ మోడళ్లను ఇంట్లో నడుపుకునేవాళ్లకు మాత్రం ఇదే ఇరుకు కేబుల్ పెద్దగా అడ్డం రాదు. 8 జీబీ మోడల్‌ను కార్డులోకి ఎక్కించడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. ఎక్కాక బరువంతా వీర్యామ్‌లోనే ఉంటుంది, కేబుల్‌లో తిరిగేది కాస్త టెక్స్టే. గేములకు నిరాశ కలిగించిన పెట్టె ఈ పనికి చక్కగా సరిపోతుంది.

## డెస్క్‌టాప్‌లో తీగ ఎక్కడ పెట్టాలన్న తగువు

మానిటర్‌ను మదర్‌బోర్డు పోర్టుకు పెట్టేవాళ్లను చూసి "కార్డు కొని వృథా చేస్తున్నావు" అని నవ్వడం రివాజు. గేముల వరకు ఆ నవ్వు న్యాయమే. కానీ 8 జీబీ వీర్యామ్ ఉన్న కార్డులో డెస్క్‌టాప్, బ్రౌజర్ కలిసి కొన్ని వందల ఎంబీలు తినేస్తాయి. మానిటర్‌ను, కంపోజిటర్‌ను ఇంటిగ్రేటెడ్ మీదకు మారిస్తే వీర్యామ్ దాదాపు మొత్తం ఏఐ మోడల్‌కే మిగులుతుంది. అంచు మీద ఉన్న మోడల్ పట్టడానికీ పట్టకపోవడానికీ అదే తేడా కావచ్చు. వర్చువల్ మెషీన్‌లో విండోస్ నడుపుతూ విడి కార్డును పూర్తిగా దానికి అప్పగించేవాళ్లకూ ఈ ఏర్పాటే కావాలి. హోస్ట్‌కు ఇంటిగ్రేటెడ్, గెస్ట్‌కు విడి కార్డు. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో ఇంటిగ్రేటెడ్ వాడటానికి ఉండదని కొనేముందే చూసుకోవాల్సి వస్తుంది. ఉన్నచోట కూడా, విడి కార్డు పెట్టగానే దాన్ని ఆపేసే బయోస్‌లు చాలా ఉన్నాయి.

## ఒక్క కార్డు చాలనేవాళ్లు, రెండూ కావాలనేవాళ్లు

కొన్ని ల్యాప్‌టాప్‌లలో మక్స్ అనే స్విచ్ ఉంటుంది. తెర తీగనే ఇంటిగ్రేటెడ్ నుంచి విడి కార్డుకు మార్చేస్తుంది. దాన్ని మార్చి ఇంటిగ్రేటెడ్‌ను మర్చిపోవడమే సుఖమనేది ఒక వర్గం. కాపీ లేదు, ఏ ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తోందన్న డౌట్ లేదు. బ్యాటరీ మాత్రం కరిగిపోతుంది. ల్యాప్‌టాప్ రోజంతా చార్జర్‌కే ఉండేవాళ్లకు ఈ వాదన గట్టిదే. క్లాసుకో, రైల్లోకో తీసుకెళ్లేవాళ్లకు అది కుదరదు. వాళ్లకు ప్రైమ్ పద్ధతే గతి, ఇప్పుడది చాలావరకు నమ్మదగ్గ స్థితిలోనే ఉంది.

రెండో వాదన కంపెనీ గురించి. ఇంటిగ్రేటెడ్ కూడా విడి కార్డు కూడా ఏఎండీవే అయితే ఒకే ఏఎండీజీపీయూ డ్రైవర్ రెండింటినీ చూసుకుంటుంది, విడిగా ఎక్కించాల్సింది ఉండదు. ఎన్‌విడియా వైపు 2021లో జీబీఎం (ఫ్రేముల బఫర్లను పంచుకునే పద్ధతి) సపోర్ట్, 2022లో ఓపెన్ కెర్నల్ మాడ్యూళ్లు, 2024లో 555 డ్రైవర్‌తో ఎక్స్‌ప్లిసిట్ సింక్ (గీయడం ముగిసిందని స్పష్టంగా చెప్పే పద్ధతి) వచ్చాక, ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఫ్రేములు వెనక్కీ ముందుకీ మినుకుమినుకుమనడం బాగా తగ్గింది. నా మట్టుకు, గేములు మాత్రమే ఆడేవాళ్లు లినక్స్ కోసం కొత్త ల్యాప్‌టాప్ కొంటే ఏఎండీ జంటవైపే మొగ్గుతాను. క్యూడా కావాల్సినవాళ్లకు ఆ ఎంపిక లేదు.

## రెండు కార్డుల బలం కలిపి ఒకే గేమ్‌కు వాడలేమా?

ఇది అందరూ అడిగే ప్రశ్న. వల్కన్ 1.1లో కొన్ని కార్డులను ఒక గుంపుగా చూపించే ఏర్పాటు ఉంది. కానీ ఆచరణలో ఆ గుంపు ఒకే డ్రైవర్ కింద ఉన్న ఒకే రకం కార్డులకే. ఇంటెల్, ఎన్‌విడియా ఒకే గుంపులోకి రావు. వచ్చినా గేమ్ దానికోసం ప్రత్యేకంగా రాసి ఉండాలి.

ఏఐ మోడల్ నడపడంలో దాని లేయర్లను (పొరలను) రెండు కార్డులకూ పంచే సాఫ్ట్‌వేర్ ఉంది. అక్కడ మెమరీ వేగం అడ్డొస్తుంది. డ్యూయల్ ఛానల్ డీడీఆర్5-5600 ర్యామ్ సిద్ధాంతపరంగా సెకనుకు 89.6 జీబీ ఇస్తుంది, ఆర్‌టీఎక్స్ 4060 డెస్క్‌టాప్ కార్డు మెమరీ 272 జీబీ. పని సగం సగం పంచితే, వేగవంతమైన సగం మూడో వంతు సమయంలో ముగించి మిగతాసేపు రెండోదాని కోసం ఎదురుచూస్తుంది. మోడల్ వీర్యామ్‌లో పట్టనప్పుడు తప్ప ఈ పంపకం లాభం లేదు.

నిజంగా కలిసొచ్చేది వేర్వేరు పనులు ఇచ్చినప్పుడు. విడి కార్డు గేమ్ గీస్తుండగా, ఇంటెల్ చిప్‌లోని క్విక్ సింక్ అనే వీడియో ఎన్‌కోడర్ ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసే రికార్డింగ్ పని మోయగలదు. ఎన్‌కోడింగ్‌కు చిప్‌లో విడి భాగమే ఉంటుంది. ఫ్రేమ్ ఎలాగూ ఇంటిగ్రేటెడ్ వైపు వచ్చే ల్యాప్‌టాప్‌లలో ఇది ఇంకా తేలిక, ఎన్‌కోడర్‌కు కావాల్సిన బొమ్మ అప్పటికే ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి.